ఒక్క మనిషి, రెండు వాద్యములు

పడమటి దేశపు రాక్ పాటగాండ్రు కొందఱు గిటారు మీటుచునే మౌత్ ఆర్గాను నూదుదురు. మెడకుఁ దగిలించిన తీఁగె చట్రము ఆ వాద్యమును నోటి కెదురుగా నిలుపును. చేతులు రెండును గిటారునకు మిగులును. 1960 దశకమున అమెరికా గాయకుఁడు బాబ్ డిలాన్ ఈ పద్ధతికిఁ బ్రసిద్ధి తెచ్చెను.

ఈ నేర్పు మనకుఁ గ్రొత్త గాదు. బుఱ్ఱకథకునిఁ దలఁచుకొనుఁడు. భుజమునఁ దంబుర, వ్రేళ్ళు తంత్రిని మీటుచుండఁగా బొటనవ్రేలి అందె రెండవ చేతి అందెను దాఁకి మ్రోగును, కాళ్ళ గజ్జెలు అడుగునకుఁ దాళము గూర్చును. మౌత్ ఆర్గాను నూదువాఁడు ఊదునంతసేపు పాడలేఁడు. మన కథకునకు నోరు కథకే మిగులును.

జంగమకథ నుండి పెరిగిన యీ కళకు షేక్ నాజర్ (1920–1997) వన్నె తెచ్చి, 1986లో పద్మశ్రీ నందెను. జనుల పాటకు మన జనగామ సీమలో గౌరవము ప్రాఁతది. పాలకుర్తి పాల్కురికి సోమనాథుఁడు పండితారాధ్యచరిత్రమునఁ దుమ్మెదపదములను, వెన్నెలపదములను బేర్కొనెను.

నేర్చువాఁడు రెండు వాద్యములను ఒక్కమాఱు చేపట్టరాదని నా మతము. ఒక చేయి తలఁపు లేకయే నడచునంతవఱకు దానినే సాధింపవలెను. పిమ్మట రెండవదానిని మెల్లగాఁ గలుపవలెను. రెంటికిని లయ యొక్కటే.

ఈ విద్య పుస్తకమున నిముడదు. చేతినుండి చేతికి వచ్చును. మీ యూరఁ గథ చెప్పిన ముదుసలి యున్నచో, పిల్లల నాతని చెంత నేఁడే కూర్చుండఁబెట్టుఁడు.