రిపోర్టు వచ్చేదాకా

గుంటూరు కొత్తపేట. వదిన భుజం పట్టుకుని నర్సింగ్ హోమ్ మెట్లు దిగుతున్నాను. ఆమె రెండో చేతిలో చిన్న ప్లాస్టిక్ సీసా. నీళ్లలాంటి మందులో, అడుగున ఎర్రటి పీలికలు. పొద్దున మత్తిచ్చి, సన్నటి కెమెరా గొట్టంతో గర్భసంచి లోపలంతా చూసి, గీకి తీసినవి. సీసా మీద నా పేరు, వయసు 57. మూత బిగించే ఉన్నా ఫార్మలిన్ ఘాటు ముక్కుకు తగులుతూనే ఉంది.

ఎదురు సందులోని ల్యాబులో అమ్మాయి సీసా తీసుకుని రసీదు రాస్తోంది.

"ఐదారు రోజులు పడుతుంది ఆంటీ."

"రక్తపరీక్ష సాయంత్రానికే ఇస్తారుగా? దీనికెందుకమ్మా అన్ని రోజులు?" వదిన అడుగుతోంది.

ఆ అమ్మాయి విసుక్కోకుండా చెబుతోంది. ముక్కలు మందులో బాగా నానాలి. వాటిలోని నీరంతా తీసేసి మైనంలో బిళ్లలా పోత పోస్తారు. ఆ బిళ్లను మిల్లీమీటరులో కొన్ని వెయ్యో వంతుల మందాన పొరలుగా కోసి, గాజుపలక మీద పరిచి, రంగులు వేస్తారు. అప్పటికిగానీ కణాల రూపం తెలియదు. వదిన ఒక్కో మాటా శ్రద్ధగా వింటోంది. నాకు మాత్రం మంచం కనిపిస్తే చాలనిపిస్తోంది.

ఇంట్లో పొత్తికడుపు నొప్పి మర్నాటికే సర్దుకుంది. మనసే సర్దుకోవడం లేదు. ఫోను మోగినప్పుడల్లా తడి చేతులతోనే వంటింట్లోంచి వస్తున్నాను. రాత్రి పక్కమీద డాక్టరుగారు చెప్పిన అంకెలే. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క మరక కనిపించినా చూపించుకోవాల్సిందే. స్కానింగులో గర్భసంచి లోపలి పొర 4 మిల్లీమీటర్ల లోపుంటే భయం చాలా తక్కువ. నాది 11. ఇలా రక్తం కనిపించి వచ్చేవాళ్లలో వందకు తొమ్మిది మందికి అటూఇటూగా క్యాన్సర్ తేలుతుంది. మిగతావాళ్లకు పొర ఎండిపోవడమో, పాలిప్ అనే కండ పెరగడమో, మరొకటో. తొంభై ఒక్క మందిని వదిలేసి మనసు ఆ తొమ్మిది మంది చుట్టూనే తిరుగుతోంది.

పరామర్శకు వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "ఆ సంచి తీయించేసుకుంటే పీడా పోతుంది." పిన్ని ముప్పై అయిదేళ్లకే తీయించుకుందట, ఎదురింటావిడ నలభైకి. తప్పు వాళ్లది కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద వందకు ముగ్గురైతే మన ఆంధ్రలో దాదాపు తొమ్మిది మంది. ఎందుకు తీస్తున్నారో అడిగే తీరిక మన ఆడవాళ్లకు ఎవరిచ్చారు? ముక్క పరీక్ష రిపోర్టు చూడకుండా కత్తి పెట్టనని మా డాక్టరుగారు మొదటిరోజే చెప్పారు. క్యాన్సరే అయితే ఆపరేషన్ తీరే వేరుగా ఉంటుందట, ఎక్కడ చేయించుకోవాలన్నదీ ఆలోచించాలట. అందుకే భయం భయంగానే ఉన్నా ఎదురుచూస్తున్నాను.

ల్యాబు నుంచి ఫోను. మళ్లీ కొత్తపేట, మళ్లీ వదిన తోడు. డాక్టరుగారు కాగితం కిందివరకూ చదివాకగానీ తలెత్తలేదు.

"క్యాన్సర్ లేదమ్మా. పొర మామూలుకన్నా మందంగా పెరిగింది, కణాల రూపం మాత్రం చెడలేదు."

నా చేతులు చల్లబడ్డాయి. ఏం అడగాలో తోచడం లేదు. వదినే అడుగుతోంది, సంచి తీసేయాలా అని.

"ఇప్పుడక్కర్లేదు. ఈ రకం క్యాన్సరుగా మారడం ఇరవై ఏళ్లలో వందకు అయిదుగురి లోపే. ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోను వదిలే లూప్ గర్భసంచిలో పెడతాను, పొర పలచబడుతుంది. ఆరు నెలలకు మళ్లీ ముక్క తీసి చూస్తాం. తగ్గకపోతే ఆపరేషన్ మాట నేనే ఎత్తుతాను. ఈలోగా బరువు తగ్గాలి. ఒంట్లో కొవ్వు కూడా ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది, ఈ పొరను పెంచేది అదే."

"మధ్యలో ఎరుపు కనిపిస్తే?" నాకు గొంతు పెగిలింది.

"లూప్ పెట్టిన కొత్తల్లో కొద్దిగా కనిపించొచ్చు. ఎక్కువైనా, ఆగకపోయినా ఆరు నెలల దాకా ఆగొద్దు, వచ్చేయండి."

లేవబోయాను. వదిన లేవలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించింది.

"నాకూ పోయిన నెల రెండుసార్లు మరక కనిపించిందండీ."

డాక్టరుగారు కొత్త చీటీ తీశారు. "ముట్లు ఆగి ఎన్నేళ్లయిందమ్మా?"