నిద్రపోవడం నేర్చిన చిప్పు

మైక్రోకంట్రోలర్ల కథ చెప్పేవాళ్లు 1974 నాటి టీఎంఎస్ 1000తో మొదలుపెట్టి, 1980లో వచ్చిన ఇంటెల్ 8051 మీదుగా నేరుగా సెల్‌ఫోన్ దగ్గరికి వచ్చేస్తారు. జేబులో పెట్టుకునే వస్తువుల కోసమే చిప్పులు కరెంటు తగ్గించుకున్నాయని వాళ్ల లెక్క. గోదావరిఖని బొగ్గుబాయిల వైపు నుంచి చూస్తే ఆ లెక్క నాకు కుదరదు.

తక్కువ శక్తి కావాలన్న పట్టుదల పొదుపు కోసం పుట్టింది కాదు, ప్రాణభయంతో పుట్టింది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం దాకా ఉంటే పేలుతుంది. దాన్ని అంటించడానికి 0.28 మిల్లీజౌల్ నిప్పురవ్వ చాలు. 1913లో వేల్స్‌లోని సెంగెనిడ్ గనిలో 439 మంది కార్మికులు చనిపోయాక, గంట మోగించే తీగల దగ్గర లేచే రవ్వల మీద పరిశోధన సాగింది. తీగ తెగినా గ్యాస్ అంటుకోనంత శక్తితోనే సర్క్యూట్ నడవాలన్న సూత్రం అలా స్థిరపడింది. చిప్పు పుట్టడానికి చాలా ముందే గని ఈ షరతు పెట్టింది.

అసలు వివాదం 1990ల గురించి. తొలినాటి 8051 వంద మిల్లీఆంపియర్ల దాకా తాగేది. సీమాస్ పద్ధతితో అది బాగా తగ్గింది, నిజమే. 1970ల క్వార్ట్జ్ గడియారాలు మైక్రోఆంపియర్లతోనే నడిచాయి, అదీ నిజమే. కానీ గడియారం సర్క్యూట్‌కు ఒకే పని వచ్చు. ప్రోగ్రామ్ నడిపి, నిద్రపోయి, పిలిస్తే మైక్రోసెకన్లలో లేచే చిప్పు వేరే సంగతి. ఆ దశాబ్దపు మొదట్లో జర్మనీలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇంజినీర్లు రూపొందించిన ఎంఎస్‌పీ430 వెనుక ప్రధానంగా ఉన్నది మీటర్ల అవసరం. ఫోన్‌ను రోజూ చార్జింగ్ పెడతాం. గోడకు బిగించిన నీళ్ల మీటరు ఒక్క బ్యాటరీతో ఏళ్ల తరబడి బతకాలి. నిద్ర నేర్పినది ఆ అవసరమేనని నా వాదన. ఫోన్లు ఆ చిప్పులను చవక చేయడానికి తోడ్పడి ఉండవచ్చు. ఆ మేరకు పాత కథకు చోటిస్తాను.

ఇక మన బాయి. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు గుర్తించడం, 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడటం అందరికీ తెలిసినవే. చాలాకాలం కార్మికుడు నడుముకు రెండు కిలోలకు పైబడిన లెడ్ యాసిడ్ బ్యాటరీ కట్టుకుని దిగాడు. యాసిడ్ కారితే బట్టలతోపాటు ఒళ్లూ కాలేది. తర్వాత వచ్చిన ఎల్ఈడీ, లిథియం టోపీ లైట్లు ఆ బరువు దించాయి. బ్యాటరీ అతిగా ఖాళీ కాకుండా, అతిగా చార్జ్ కాకుండా కాసేది లోపలి చిన్న సర్క్యూటే. దాని పేరు ఎవరూ ఎత్తరు.

అయినా నాకు అసంతృప్తి ఉంది. మీథేన్ 1.25 శాతం దాటితే కరెంటు కట్ చేయాలి. దాన్ని కొలిచే పెల్లిస్టర్ సెన్సర్ వందల డిగ్రీల వేడిలో ఉంటే తప్ప పనిచేయదు. చిప్పు ఎంత నిద్రపోయినా ఆ వేడికి అయ్యే ఖర్చు తప్పదు. పరారుణ సెన్సర్లు దీన్ని తగ్గిస్తున్నాయి. ప్రతి కార్మికుడి టోపీలో వెలుగుతోపాటు గ్యాస్ హెచ్చరిక కూడా ఉండాలంటే, పరిశోధన డబ్బు ఇక చిప్పు మీద కాక సెన్సర్ మీద పెట్టాలి.

మరమ్మతు సంగతి ఇంకొకటి. పాత దీపం బ్యాటరీలో ల్యాంప్ రూంలోనే నీళ్లు పోసి, బల్బు మార్చేవారు. ఇప్పుడు ప్రోగ్రామ్ తాళం వేసిన చిప్పు చెడితే బోర్డు మొత్తం పారేయాల్సిందే. గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ఫ్యాన్లు బాగుచేసే మెకానిక్‌కు కూడా కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్ బోర్డుతో ఇదే చిక్కు. కొనేటప్పుడే సర్క్యూట్ పటం, విడి బోర్డు ఇవ్వాలని కంపెనీలను అడిగే హక్కు కొనుగోలుదారుకు ఉండాలి.