రక్తరోగికి విశ్రాంతియా? వ్యాయామమా?

రోగి యనగానే మన కన్నులకు మంచము కట్టును. ఇంట ఎవరికైన జబ్బు చేసినచో "కదలవద్దు, పడుకొనుము" అనుట పెద్దల వాడుక. మంచినీళ్ళ గ్లాసునైన ఎత్తనీయకుండుటయే ప్రేమకు గుర్తని మన మెంచుకొన్నాము. తీవ్ర ల్యుకీమియా వంటి రక్తవ్యాధి విషయమున ఈ మాట ఎంతవరకు చెల్లునో దాని చరిత్రను బట్టి విచారింతము.

1845లో జర్మనీయందు రుడాల్ఫ్ విర్కో, ఎడింబరోలో జాన్ హ్యూస్ బెన్నెట్ ఈ వ్యాధిని వేరువేరుగా వర్ణించిరి. 1847లో విర్కో దీనికి "తెల్ల నెత్తురు" అను అర్థము వచ్చునట్లు గ్రీకు మాటలతో పేరిడెను. పేరు వచ్చినది గాని, తీవ్రరూపమును లొంగదీయు మందు నూరేండ్ల వరకు రాలేదు. రోగి కొలది వారములలోనో నెలలలోనో గతించెడివాడు. అట్టివానికి వ్యాయామ మను తలంపు ఎవరికి కలుగును? పైగా అది విశ్రాంతిని కొనియాడిన కాలము. లండను శస్త్రవైద్యుడు జాన్ హిల్టన్ విశ్రాంతి మహిమను గూర్చి 1863లో ఒక గ్రంథమే ప్రకటించెను.

1948లో బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్ అను మందును 16 మంది బాలురకు, బాలికలకు ఇచ్చి చూడగా, 10 మందికి వ్యాధి తాత్కాలికముగా తగ్గుముఖము పట్టెను. ఆ మందు లెడర్లీ పరిశోధనాలయమున తయారైనది. అచట పరిశోధనలను నడిపినవాడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ సంవత్సరముననే ఆయన కన్నుమూసెను. రోగి బ్రతుకగలడను ఆశ కలిగిన పిదపనే, ఎట్లు బ్రతుకవలెనను ప్రశ్న పుట్టినది.

ఇంతలో మంచముమీది నమ్మకము సడలుచుండెను. ఊరక పడుకొనుటలోని అపాయములను ఇంగ్లండులో రిచర్డ్ ఆషర్ అను వైద్యుడు 1947లోనే ఎత్తిచూపెను. 1966లో అమెరికాలోని డల్లస్ నగరమున ఆరోగ్యవంతులగు ఐదుగురు యువకులను 20 దినములు మంచముననే ఉంచి పరీక్షించిరి. వారి శరీరము ప్రాణవాయువును వినియోగించు శక్తి నాలుగవవంతునకు మించి క్షీణించెను. ముప్పదియేండ్ల తరువాత వారినే మరల పరీక్షింపగా, ముప్పది సంవత్సరముల వయసు చేసిన నష్టముకంటె ఆ మూడు వారముల శయనము చేసిన నష్టమే ఎక్కువని తేలినది.

ఆరోగ్యవంతులకే ఇట్లయినచో రోగుల మాట చెప్పనేల? తీవ్ర ల్యుకీమియా చికిత్సలో ఘాటైన మందులతో మూలుగలోని దుష్టకణములను తుడిచివేయుదురు. వానితో మంచి కణములును పోవును. అవి తిరిగి పుట్టువరకు, ఇంచుమించు నెలదినములు, రోగి ఆసుపత్రి గదిలోనే గడుపవలసివచ్చును. జ్వరము, రక్తహీనత, ఆహారము రుచింపకపోవుట, వీనికి తోడు మంచము. వ్యాధి తగ్గినను స్నానపుగదికి పోవుటకు ఒకరి భుజము కావలసివచ్చును.

1997లో జర్మనీలోని ఫ్రైబర్గ్ వైద్యులు డిమియో, ఆయన సహచరులు, తీక్షణ చికిత్స పొందుచున్న క్యాన్సరు రోగులచే పడుకొనియే సైకిలు తొక్కించిరి. తొక్కినవారికి బలహానము తక్కువయ్యెను. వారు ల్యుకీమియా రోగులు కారు. కాని దారి తెరచుకొన్నది. 2016లో కోపెన్‌హేగన్ నర్సు పరిశోధకురాలు మేరీ యార్డన్ బృందము తీవ్ర ల్యుకీమియా రోగులపై 12 వారముల వ్యాయామ పరీక్ష ఫలితములను ప్రకటించెను. వ్యాయామము చేసినవారు ఆరు నిమిషములలో మునుపటికంటె ఎక్కువ దూరము నడువగలిగిరి.

ఇచట ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. వ్యాయామము ఈ వ్యాధికి మందు కాదు. ఆయువును పెంచునని రుజువు కాలేదు. అది అలసటను కొంత తగ్గించును, కండబలమును కాపాడును. ఈ వ్యాయామ మనగా కుస్తీ, దండెములు కావు. మంచముపై లేచి కూర్చుండుట, కుర్చీనుండి పలుమార్లు లేచి నిలుచుట, వరండాలో నాలుగడుగులు వేయుట. ప్లేట్‌లెట్లు మిక్కిలి తగ్గిననాడు బరువులెత్తరాదు, పడిపోవు అవకాశ మీయరాదు. జ్వరము వచ్చిననాడు, ఆయాసము, రక్తస్రావము కనబడిననాడు ఆపవలెను. ఆనాటి రక్తపరీక్షను చూచి వైద్యుడే మోతాదు నిర్ణయింపవలెను.

కావున రోగి ప్రక్కన కూర్చున్న బంధువులకు మా మనవి ఒక్కటే. "కదలవద్దు" అనుటకు ముందు, "ఈ దినము ఎంత నడువవచ్చును?" అని వైద్యుని అడుగుడు. ఆయన పది అడుగులన్నచో, ఆ పది అడుగులును మీరు తోడుగా నడువుడు.