వాగు గీత వెంట మన చరిత్ర

మన గూడేల చరిత్ర పుస్తకాల్లో లేదని యువత బాధపడుతుంటారు. ఆ చరిత్రను వెతకడానికి మంచి దారి ఒకటుంది. అదే సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటం, అంటే టోపోషీట్.

పాతబస్తీలో చదువుకుంటున్నవారు ముందు మూసీతో మొదలుపెట్టండి. 1908 సెప్టెంబరు వరద నగరాన్ని ముంచేసింది. ఆ తర్వాతి దశాబ్దంలో లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగర పటాలు తయారయ్యాయి. వాటిని నేటి వీధులతో పోల్చితే నది పక్కన ఏది మిగిలిందో, ఏది పోయిందో కనిపిస్తుంది.

అదే పద్ధతిలో మన ప్రాంతాన్ని చదవవచ్చు. 1:50,000 పటంలో 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరు. గోధుమ రంగు గీతలు ఎత్తును, ఆకుపచ్చ రంగు అడవిని, నీలం నీటిని చూపుతాయి. జోడేఘాట్ గుట్టల మీద ఆ గోధుమ గీతలు దగ్గరదగ్గరగా ఉంటాయి. 1940లో నిజాం పోలీసుల తూటాలకు ఒరిగిన కుమ్రం భీం అక్కడ ఎందుకు నిలిచి పోరాడారో ఆ గీతలు చూస్తే కొంత అర్థమవుతుంది. కింద ఒర్రెలు వాగుల్లో కలుస్తాయి, పెద్దవాగు ప్రాణహితను చేరుతుంది. ఆ నీళ్ల వెంటే గూడేలు.

ఊరి పేర్లనూ పట్టించుకోండి. బాబేఝరి వంటి పేరు కనిపిస్తే అక్కడ ఊట ఉందేమో పెద్దలను అడగండి. మరాఠీలో ఝరా అంటే ఊట. పటంలో పేరు తప్పుగా ఉంటే మన నోట పలికే పేరు పక్కన రాసుకోండి. కుమ్రం అనే ఇంటిపేరు కాగితాల్లో కొమరం అయిన సంగతి మనకు తెలిసిందే.

ఇది సరదా పని మాత్రమే కాదు. అటవీ హక్కుల చట్టం, 2006 కింద గిరిజనులు 2005 డిసెంబరు 13కు ముందు నుంచి భూమి తమ అధీనంలో ఉందని చూపాలి. నియమాల ప్రకారం ప్రభుత్వ పటాలు, పాత బావులు, శ్మశానాలు, దేవతా స్థలాలు, పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యాలే. ఒక్కటి చాలదు, ఒకటికి మించి ఉండాలి.

కాబట్టి సర్వే ఆఫ్ ఇండియా పోర్టల్ నుంచి మీ ఊరి పటం దింపుకోండి. 1950ల నాటి అమెరికా సైన్యపు పటాలు టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. రెండింటి అంచున రాసిన సంవత్సరాలు చూసి పోల్చండి. పండుగకు ఊరెళ్లినప్పుడు తాతయ్య, నానమ్మల ముందు పటం పరచండి. వాళ్లు చూపిన చోటల్లా గుర్తు పెట్టి, చెప్పింది తేదీతో రాసి ఉంచండి. పటంలో లేని చరిత్ర వాళ్ల దగ్గరే ఉంది.