రాయలచెరువు

తిరుపతి జిల్లా రామచంద్రాపురం మండలంలోని గ్రామం, దాన్ని ఆనుకుని ఉన్న పెద్ద చెరువు. అనంతపురం జిల్లా యాడికి మండలంలో ఇదే పేరున్న ఊరు వేరు. తిరుమల యాత్రికుల సందడికి కాస్త దూరంలోనే ఉన్నా ఇక్కడ నిశ్శబ్దం రాజ్యమేలుతుంది. కట్టెక్కితే ఒకవైపు కొండల నడుమ నీళ్లు, రెండోవైపు ఆయకట్టు. ఇది మనుషులు మట్టి మోసి కట్టుకున్న నీరు.

ఊరి పేరూ, జనం చెప్పే కథా శ్రీకృష్ణదేవరాయల కాలాన్నే (1509–1529) చూపుతాయి. రాయలు తొలిసారి తిరుమలకు వచ్చింది 1513లో. ఆ రోజుల్లో స్వామికి దాతలిచ్చిన ధనాన్ని దేవస్థానం తన గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించడానికి వెచ్చించేదని తిరుమల శాసనాలు తెలుపుతున్నాయి. పెరిగిన పంటతో నైవేద్యం జరిగేది, ఆ ప్రసాదంలో దాతకూ వాటా అందేది. వాన నీటిని ప్రసాదం దాకా నడిపించిన ఈ ఏర్పాటు అపురూపమైనది.

చెరువు కట్టడం అప్పటికే ఆరితేరిన విద్య. కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం (1369) మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెబుతుంది. పోరుమామిళ్ల చెరువు ఒక్కదానికే వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లు పనిచేశారు.

కట్టిన తర్వాత కాపాడటమే అసలు కష్టం. తూము తెరిచి మడి మడికీ నీళ్లు పారించడం నీరుగంటి పని. కట్ట మరమ్మతు, పూడికతీత చూసేవారికి సీమలో దశబంధం ఇనాములుండేవి. 1956 ఇనాముల రద్దు చట్టంతో ఆ పద్ధతికి కాలం చెల్లింది. 1997 చట్టం నీటి సంఘాలను తెచ్చింది గానీ, తరాలుగా కట్టనే కనిపెట్టుకుని ఉన్న ఇనాందారు చూపు సంఘానికి అంత తేలిగ్గా అబ్బదు.

2021 నవంబరు వానలకు ఈ ప్రాంతంలో ఎన్నో చెరువులు మొరవ పోయాయి. 21న రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరడం మొదలైంది. దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. పిల్లల్ని, పశువుల్ని వెంటబెట్టుకుని జనం మెరక తావులకు వెళ్లారు. కట్టకు ఇసుక బస్తాలు వేసి ఆనించారు. కట్ట తెగలేదు, జనం మళ్లీ ఊళ్లకు చేరారు.