నీటికి తొందర నేర్పిన లెక్కలు

కోడుమూరు పక్కన పారే హంద్రీకి వరద వచ్చినట్టు కంప్యూటర్‌లో దృశ్యం తయారుచేశారనుకుందాం. నీళ్లు మందంగా కదులుతున్నాయనిపిస్తే ప్లేబ్యాక్ వేగం రెట్టింపు చేద్దామని ఎవరికైనా తోస్తుంది. అలా చేస్తే వరద ఉధృతి పెరగదు, నది చిన్నదైపోతుంది. తెరమీది నీటికి వేగం లెక్కలోనే రావాలి తప్ప, లెక్క ముగిశాక అతికిస్తే అతకదు. ఈ విద్య పెరిగిన తీరే అందుకు సాక్ష్యం.

ద్రవాల కదలికకు 1822లో నేవియర్, 1845లో స్టోక్స్ సమీకరణాలు ఇచ్చారు. కంప్యూటర్‌తో వాటిని సాధించాలంటే నీటిని గళ్లుగా, కాలాన్ని చిన్న చిన్న అంగలుగా విడగొట్టాలి. అంగ మరీ పెద్దదైతే లెక్క చెదిరిపోతుందని 1928లోనే కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ చూపించారు. 1965లో లాస్ అలమోస్‌లో హార్లో, వెల్ష్ గళ్లలో గుర్తుకణాలు వదిలి నీటి పైతలాన్ని పట్టుకున్నారు. 1996లో ఫాస్టర్, మెటాక్సస్ ఆ పద్ధతిని యానిమేషన్‌కు తెచ్చారు. 1999లో యోస్ స్టామ్ పెద్ద అంగలు వేసినా చెదరని మార్గం కనిపెట్టాక లెక్క పరుగందుకుంది. అయితే అందులో సుడులు తొందరగా అణగిపోయేవి. ఆ లోటును 2005లో జూ, బ్రిడ్సన్ కణాల సాయంతో చాలావరకు పూడ్చారు.

ఇంత చేసినా పెద్ద దృశ్యంలో ఒక్కో ఫ్రేముకు నిమిషాలు పట్టవచ్చు. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు కావాలి. అందుకే ఒకసారి లెక్కించి డిస్కులో దాచుకుని, ఆ క్యాష్‌ను తర్వాత ఆడించి చూస్తారు. దాచినదాన్ని గబగబా ఆడిస్తే నష్టమేమిటని అడగవచ్చు. తప్పులు వెతకడానికైతే ఏ నష్టమూ లేదు. చివరి చిత్రంలోనే చిక్కు. 20 మీటర్ల ఎత్తునుంచి నీరు పడడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. వేగం రెట్టింపు చేస్తే ఒక్క సెకనులో పడుతుంది. ఒక సెకనులో నీరు పడగలిగేది దాదాపు 5 మీటర్లే కనుక, చూసేవారి కన్ను ఆ ఎత్తును 5 మీటర్లుగానే లెక్కగడుతుంది. బొమ్మ నమూనాలతో సినిమాలు తీసినవారు ఇదే సూత్రాన్ని తిరగేసి వాడారు: పదహారో వంతు నమూనాను నాలుగింతల ఫ్రేముల వేగంతో తీసి, మామూలు వేగంతో ఆడిస్తే అది అసలంత పెద్దదిగా కనిపిస్తుంది.

సినిమాకు అతిశయం అందం కదా, ఈ కొలతలెందుకనేవారూ ఉంటారు. 2015లో వచ్చిన ‘బాహుబలి’ జలపాతాన్ని హైదరాబాద్ సంస్థ మకుట కంప్యూటర్‌లో తీర్చింది. అక్కడ అతిశయమంతా ఎత్తులోనే ఉంది. ఆ ఎత్తును నమ్మించేది నీరు తాపీగా దిగే తీరే. కాబట్టి కొలతనూ కాలాన్నీ మొదటే తేల్చుకుని, పెద్ద గళ్లతో ఒకసారి పరీక్షించి, ఆ తర్వాతే పూర్తి లెక్కకు దిగాలి. ఆ పరీక్షకు వెచ్చించే గంటలకన్నా, మళ్లీ మొదలుపెట్టాల్సిన లెక్కకే ఖర్చు ఎక్కువ.