గోదావరి గట్టున పాస్‌పోర్టు కథ

రహదారి యనగా నేడు మనకు బండ్లు నడచు పెద్దబాట. పారశీకమునుండి వచ్చిన ఈ మాటకు పూర్వము వేరు అర్థములు కూడ ఉండెడివి. దారిలో వసూలు చేయు సుంకము రహదారియే. ఆ దారిని పోనిమ్మని అధికారి వ్రాసి యిచ్చు చీటియు రహదారియే. బాటకును చీటికిని పేరొకటే యగుట మాకు వింతగా తోచదు. భద్రాచలపు అడవుల సరిహద్దున పుట్టినవారికి బాటతో పాటు చీటియు వెదుకుకొనక తప్పలేదు.

1860 వరకు అచ్చట గోదావరికి ఇరువైపుల నేలయు నిజామువారిదే. ఆ సంవత్సరపు సంధితో భద్రాచలము, చర్ల, నూగూరు మున్నగు ఎడమగట్టు సీమలు ఆంగ్లేయుల క్రిందికి వచ్చెను. కొంతకాలము మధ్యపరగణాలలో నుండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిసెను. కుడిగట్టున బూర్గంపాడు, పాల్వంచ, ఖమ్మము నిజాము రాష్ట్రమునందే నిలిచెను. నాటినుండి నదియే సరిహద్దు. అటు హాలీ సిక్కా, ఇటు కల్దారు రూపాయి. ఏడు హాలీలు ఇంచుమించు ఆరు కల్దారులకు సమానము. నిజాముకు వేరు తపాలా బిళ్ళలు, వేరు కరోడ్‌గిరి నాకాలు. కోయవారికి మాత్రము రెండు గట్టులందును చుట్టములే. పెండ్లికో, జాతరకో పడవ దాటుటకు వారిని పాస్‌పోర్టు అడిగినవారు లేరు.

సముద్రము దాటదలచినపుడు ఈ సరిహద్దు కాగితముపై కెక్కెడిది. మొదటి ప్రపంచయుద్ధముతో పాస్‌పోర్టుల నిర్బంధము మన దేశమునకు వచ్చెను, 1920లో చట్టమేర్పడెను. అప్పుడు భద్రాచలములో పుట్టినవాడు పాస్‌పోర్టులో బ్రిటిషు ప్రజ. ఎదుటి గట్టున బూర్గంపాడులో పుట్టినవాడు బ్రిటిషువారి రక్షణలో నున్న వ్యక్తి, హైదరాబాదు సంస్థానీకుడు. భాష ఒకటి, త్రాగునీరు ఒకటి, కాగితము వేరు. భద్రాచలమువాని జిల్లా కచ్చేరి కాకినాడలో, ప్రభుత్వము మద్రాసులో. బూర్గంపాడువానికి రాజధాని హైదరాబాదే యైనను, సంస్థానపు విదేశ వ్యవహారము ఆంగ్లేయుల చేతిలో నుండుటచే నిజాము మాట ఒక్కటియే చాలెడిది కాదు.

ఇచట రంగూనును మరువరాదు. గోదావరి డెల్టానుండి వేలాది కూలీలు కాకినాడ రేవున ఓడ యెక్కి బర్మాకు పోయెడివారు. 1937 ఏప్రిల్ 1 వరకు బర్మా భారతదేశములో భాగమే గనుక వారికి పాస్‌పోర్టుతో పనిలేకుండెను. ఆ దినమున బర్మా వేరుపడగా, నిన్నటి ఊరు నేడు పరదేశమైనది. మనిషి కదలకున్నను సరిహద్దు కదలునన్నమాట.

1948లో హైదరాబాదు భారతదేశమున చేరెను. 1950లో రాజ్యాంగము వచ్చెను. రెండు గట్టులవారును ఒకే దేశపు పౌరులైరి. కాని పాస్‌పోర్టు ఇచ్చుట, ఇవ్వకుండుట ప్రభుత్వపు దయమీదనే నడచెను. 1954లో బొంబాయి, కలకత్తా, ఢిల్లీ, మద్రాసు, నాగపూరులలో ప్రాంతీయ కార్యాలయములు తెరచిరి. తెలుగునేల మీద ఒక్కటియు లేదు. ఇవ్వనిచో ఎందుకివ్వలేదని అడుగుటకు చట్టమున ఆధారము లేకుండెను.

ఆ ఆధారమును చూపినవారిలో ముఖ్యుడు ఇదే గోదావరి దిగువన రాజమండ్రిలో 1902లో పుట్టిన కోకా సుబ్బారావుగారు. సత్వంత్ సింగ్ సాహ్నీ యను వ్యాపారి తన పాస్‌పోర్టు తిరిగి యిమ్మన్న ప్రభుత్వముపై సుప్రీం కోర్టుకెక్కెను. 1967 ఏప్రిల్ 10న ఐదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు, విదేశయాత్ర వ్యక్తిస్వేచ్ఛలో భాగమనియు, చట్టము లేక దానిని అడ్డుట చెల్లదనియు తీర్పు చెప్పిరి. తీర్పు వ్రాసినది ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావుగారే. మరునాడే ఆయన రాష్ట్రపతి పదవికి పోటీచేయ పదవిని వీడిరి. ప్రజలకు ఆ ఎన్నిక గుర్తున్నంతగా ఈ తీర్పు గుర్తులేకుండుట మాకు కొరతగానే యున్నది. ప్రభుత్వము తొందరపడి మొదట ఆర్డినెన్సును, జూన్ 24న పాస్‌పోర్టుల చట్టమును తెచ్చెను. నిరాకరించు అధికారి కారణమును వ్రాతమూలముగా తెలుపవలెననియు, దానిపై అప్పీలు చేసికొనవచ్చుననియు అందు కలదు. దేశభద్రతాది కారణములున్నచో మాత్రము కారణము చెప్పకయే యుండవచ్చును.

నేడు మద్రాసుకు పోనక్కరలేదు. దరఖాస్తును ఇంటర్నెట్టులో నింపి, రుసుము కట్టి, దినము నిర్ణయించుకొని సేవాకేంద్రమునకు పోవలెను. 2017 నుండి తపాలా కార్యాలయములందును ఇట్టి కేంద్రములు తెరచుచు వచ్చిరి. ఖమ్మములోను ఒకటి ఏర్పడెను. పోలీసు నివేదిక 21 దినములలో రావలెనని ప్రభుత్వపు లక్ష్యము. తొందరగలవారికి అదనపు రుసుముతో తత్కాల్ మార్గము కలదు.

దూరము తగ్గినను చిక్కు మిగిలినది. 1950లో కూనవరమున పుట్టి, ఊరు దాటని ఒక ముసలివానిని తలచుకొందము. అతడు పుట్టినది మద్రాసు రాష్ట్రము, తూర్పుగోదావరి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము. 1959లో అతని తాలూకా ఖమ్మము జిల్లాకు పోయెను. 2014లో తెలంగాణ ఏర్పడినపుడు అతని మండలము తిరిగి తూర్పుగోదావరికి వచ్చెను. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరెను. ఏరు దాటక, ఇల్లు మారక, అతని కాగితములపై ఇన్ని పేర్లు. పుట్టినచోటేదని ఫారము అడిగినపుడు అతడు తడబడినచో తప్పెవరిది?

అతని మునిమనుమలకు ఇంకొక నియమము వచ్చినది. 2023 అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారికి పుట్టుక తేదీకి జనన ధ్రువపత్రమొక్కటియే ఆధారమని 2025లో నిర్ణయించిరి. అంతకు ముందు పుట్టినవారికి బడి సర్టిఫికేటు మున్నగునవియు చెల్లును. కావున అడవి గూడెములోనైనను బిడ్డ పుట్టిన 21 దినములలోగా ఆ పుట్టుకను నమోదు చేయించుకొనవలెను. సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలెను. దానికై కొండదారిని ఎన్ని మారులు తిరుగవలెనో ఆ దారి నెరిగినవారికే తెలియును.